పసివారి గుండె – పలుదేశాల వైద్యుల సహకారం

సనత్‌నగర్, అమీర్‌పేటల మీదుగా పంజగుట్టకు చేరి, అక్కడినుండి ఖైరతాబాదు వైపు పోయేవారికి దారిలో ఒక పెద్ద వైద్యాలయం కనబడుతుంది. అది నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ. జనం దానిని క్లుప్తంగా ‘నిమ్స్’ అంటారు. 1960 దశకంలో ఎముకల వైద్యశాలగా పనిచేయ నారంభించిన ఈ సంస్థ, 1989లో శాసనసభ చేసిన చట్టం ద్వారా విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందినది.

2023 సెప్టెంబరు చివరి వారంలో ఈ సంస్థకు ఇంగ్లండు నుండి ఒక వైద్యబృందం వచ్చినది. ఆ బృందానికి నాయకుడు డాక్టరు రమణ దన్నపునేని. ఆయన తెలుగువాడే, లివర్‌పూల్ నగరంలోని ఆల్డర్ హే అనే పిల్లల వైద్యశాలలో గుండె శస్త్రవైద్యుడు. ఆయన బృందమూ, నిమ్స్ వైద్యులూ కలిసి, పుట్టుకతోనే గుండెలో లోపమున్న పిల్లలకు ఉచితంగా శస్త్రచికిత్సలు చేసినారు. మరుసటి సంవత్సరం కూడా ఇటువంటి శిబిరం జరిగినది.

ఈ వార్త చదివిన విద్యార్థులకు సహజంగా కొన్ని సందేహాలు కలుగుతవి. హైదరాబాదులో గుండె వైద్యులు లేరా? సముద్రాలు దాటి వైద్యులు రావలసిన అవసరమేమి? వచ్చినవారు వారం రోజులుండి పోతే కలిగే మేలెంత? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పుకోవలెనంటే ముందుగా పసివారి గుండెను గురించి కొంత తెలుసుకోవలెను.

గుండెలో లోపం అంటే ఏమిటి?

గుండె రెండు పంపులు ఒకదానికొకటి అతుక్కొని ఉన్న యంత్రం వంటిది. కుడివైపు పంపు శరీరమంతా తిరిగి వచ్చిన చెడురక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. ఎడమవైపు పంపు, ఊపిరితిత్తులలో ప్రాణవాయువును నింపుకొని వచ్చిన మంచిరక్తాన్ని శరీరానికంతకూ పంపుతుంది. ఊపిరితిత్తులు గుండె పక్కనే ఉన్నవి. కనుక కుడి జఠరికకు పెద్ద బలం అక్కరలేదు. పెద్దవారిలో అది కలిగించే పీడనం సుమారు 25 మిల్లీమీటర్ల పాదరసం మాత్రమే. ఎడమ జఠరిక తల మొదలు కాలి బొటనవ్రేలి వరకు రక్తం నెట్టవలెను. దాని పీడనం సుమారు 120 మిల్లీమీటర్లు. ఈ రెండు గదుల నడుమ కండరపు గోడ ఒకటి ఉన్నది.

తల్లి గర్భంలో శిశువు ఊపిరి పీల్చదు. దానికి ప్రాణవాయువు మాయ ద్వారా తల్లి రక్తంనుండి వస్తుంది. అందుచేత ఊపిరితిత్తుల వైపు రక్తం ఎక్కువగా పోకుండా ప్రకృతి రెండు అడ్డదారులు ఏర్పాటు చేసినది. ఒకటి కర్ణికల మధ్య ఉన్న రంధ్రం. రెండవది పుపుస ధమనిని బృహద్ధమనితో కలిపే చిన్న నాళం. శిశువు పుట్టి మొదటిసారి ఏడ్చినప్పుడు ఊపిరితిత్తులు విచ్చుకుంటవి. ఆ తరువాత ఈ అడ్డదారులు క్రమంగా మూసుకొనిపోతవి. అవి మూసుకొనకపోయినా, గర్భంలో మొదటి రెండు నెలలలో గుండె రూపుదిద్దుకునేటప్పుడు గోడ పూర్తిగా కట్టుకొనకపోయినా, నాళాలు తారుమారైనా, బిడ్డ గుండె లోపంతో పుడుతుంది.

ఇట్టి లోపం అరుదైనదేమీ కాదు. పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో సుమారు ఎనిమిది మందికి ఏదో ఒక గుండె లోపం ఉంటుందని అనేక దేశాల లెక్కలు చెబుతున్నవి. వీటిలో కొన్ని చిన్న రంధ్రాలు వాటంతట అవే మూసుకొనిపోతవి. సుమారు నాలుగవవంతు మాత్రం తీవ్రమైనవి. మొదటి సంవత్సరంలోనే చికిత్స జరగకపోతే ప్రాణానికి ముప్పు.

తరగతిలో చేయదగిన ప్రయోగం

రెండు ప్లాస్టిక్ సీసాల అడుగుభాగాలను ఒక సన్నని రబ్బరు గొట్టంతో కలపండి. గొట్టాన్ని వ్రేళ్లతో నొక్కి పట్టుకొని ఒక సీసాలో రంగునీరు నిండుగాను, రెండవదానిలో అడుగున కొద్దిగా మాత్రమే మంచినీరును పోయండి. గొట్టాన్ని వదలగానే రంగునీరు తక్కువ మట్టం ఉన్న సీసాలోనికి పోతుంది. పీడనం ఎక్కువ ఉన్నచోటినుండి తక్కువ ఉన్నచోటికి ద్రవం ప్రవహిస్తుందని మనం భౌతికశాస్త్రంలో చదువుకున్నదే ఇది.

జఠరికల నడుమ గోడలో రంధ్రం ఉన్న బిడ్డలో జరిగేదీ ఇదే. ఎడమవైపు పీడనం ఎక్కువ కనుక, శరీరానికి పోవలసిన మంచిరక్తంలో కొంత భాగం రంధ్రంగుండా కుడివైపునకు మళ్లి, తిరిగి ఊపిరితిత్తులలోనికే పోతుంది. ఊపిరితిత్తులు రక్తంతో బరువెక్కుతవి. బిడ్డ పాలు త్రాగుతూ మధ్యలో ఆగి రొప్పుతుంది, నుదుట చెమట పోస్తుంది, బరువు పెరగదు. జలుబు వచ్చిందంటే న్యుమోనియాలోనికి దిగుతుంది.

కాలంతో పందెం

ఇక్కడ మరొక విషయం గమనించదగినది. రంధ్రం ఉన్నంత మాత్రాన బిడ్డ వెంటనే చనిపోదు. కొందరు పిల్లలు రెండు మూడేళ్ల తరువాత కొంచెం కోలుకున్నట్లు కూడా కనబడతారు. తల్లిదండ్రులు ‘పెరిగే కొద్దీ అదే తగ్గుతున్నది’ అని సంతోషిస్తారు. కాని లోపల జరిగేది వేరు. ఎక్కువ పీడనంతో వచ్చిపడే రక్తం తాకిడికి ఊపిరితిత్తులలోని చిన్న ధమనుల గోడలు దళసరి అవుతవి. వాటి మార్గం ఇరుకవుతుంది. కుడివైపు పీడనం క్రమంగా పెరిగి చివరకు ఎడమవైపు పీడనాన్ని మించుతుంది. అప్పుడు మన సీసాలలోని నీటి మట్టం తిరగబడినట్లు, చెడురక్తమే రంధ్రంగుండా ఎడమవైపునకు వచ్చి శరీరంలోనికి పోతుంది. పెదవులు, గోళ్లు నీలంగా మారుతవి.

ఈ దశలో శస్త్రవైద్యుడు రంధ్రాన్ని మూసివేస్తే ఏమవుతుంది? కుడి జఠరికకు ఉన్న ఒక్క తప్పించుకునే దారి మూసుకొనిపోయి గుండె ఆగిపోవచ్చును. అందుచేత రంధ్రం ఎదుట కనబడుతున్నా వైద్యుడు చేతులు కట్టుకొని నిలబడవలసి వస్తుంది. మొదటి ఏడాదిలో ఒక్క శస్త్రచికిత్సతో నయమయ్యే బిడ్డ, పదేళ్లు ఆలస్యమైతే ఏ చికిత్సకూ అందకుండా పోవచ్చును. ఈ వ్యాసంలో చెప్పబోయేదంతా ఈ కాలంతో ముడిపడి ఉన్నదే.

పావు లీటరు రక్తం

పిల్లల గుండె శస్త్రచికిత్స పెద్దలకు చేసేదానికి చిన్న నమూనా కాదు. పసికందు గుండె దాని పిడికిలంత ఉంటుంది. ఆ గుండెకు రక్తమిచ్చే ధమనులు ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే. మూడు కిలోల బిడ్డలో ఉండే రక్తమంతా కలిపితే పావు లీటరు. అనగా రెండు మూడు చిన్న గ్లాసుల టీ అంత. గుండెను ఆపి శస్త్రచికిత్స చేసేటప్పుడు రక్తాన్ని శరీరంనుండి ఒక యంత్రంలోనికి మళ్లించి, అక్కడ ప్రాణవాయువు కలిపి తిరిగి శరీరంలోనికి పంపుతారు. పెద్దలకు వాడే యంత్రపు గొట్టాలను నింపడానికే బిడ్డ రక్తంకంటె ఎన్నో రెట్లు ద్రవం కావలెను. అది కలిస్తే రక్తం నీరువలె పలుచనవుతుంది. కనుక పిల్లలకు సన్నని గొట్టాలు, చిన్న పరికరాలు, వాటిని నడపడంలో ప్రత్యేక శిక్షణ పొందిన మనిషి అవసరం.

ఈ విద్య ఒక్కరోజులో పుట్టినది కాదు. 1944 నవంబరులో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యశాలలో ఆల్ఫ్రెడ్ బ్లాలక్ అనే శస్త్రవైద్యుడు, హెలెన్ టాసిగ్ అనే పిల్లల వైద్యురాలి ఆలోచన ప్రకారం, నీలంగా పుట్టిన ఒక శిశువునకు చేతికి పోయే ధమనిని ఊపిరితిత్తుల ధమనికి అతికినాడు. ఆ విధానాన్ని ముందుగా ప్రయోగశాలలో కుదిర్చినవాడు వివియన్ థామస్ అనే నల్లజాతి సహాయకుడు. ఆయనకు వైద్యపట్టా లేదు. ఆనాటి వర్ణవివక్షవల్ల ఆయన పేరు చాలాకాలం బయటకు రాలేదు. 1953లో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ గుండె పనినీ, ఊపిరితిత్తుల పనినీ చేసే యంత్రాన్ని మొదటిసారి జయప్రదంగా వాడినాడు. 1954లో మిన్నెసోటాలో వాల్టన్ లిల్లెహై మరింత సాహసం చేసినాడు. యంత్రానికి బదులు బిడ్డ రక్తనాళాలను తండ్రి రక్తనాళాలకో, తల్లి రక్తనాళాలకో కలిపి, వారి గుండెనే బిడ్డకు పంపుగా వాడినాడు. ఆ పద్ధతిలో 45 మందికి శస్త్రచికిత్స చేయగా 28 మంది బ్రతికి ఇంటికి పోయినారు. అంతకుముందు వారిలో ఎవరికీ ఆశ లేదు.

విద్య చేతినుండి చేతికి

శస్త్రచికిత్స పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. గురువు పక్కన నిలబడి నేర్వవలసినది. మన దక్షిణదేశంలో దీనికి మంచి ఉదాహరణ వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల. చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గరలోనే ఉండడంవల్ల తెలుగువారు తరతరాలుగా అక్కడకు పోతున్నారు. 1940 దశకం చివర రీవ్ బెట్స్ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు అక్కడకు వచ్చి ఛాతీ శస్త్రచికిత్స విభాగాన్ని నెలకొల్పినాడు. ఆయన తాను శస్త్రచికిత్సలు చేసి ఊరుకొనక భారతీయ వైద్యులకు శిక్షణ ఇచ్చినాడు. 1960 దశకం తొలి సంవత్సరాలలో అదే సంస్థలో డాక్టరు ఎన్. గోపీనాథ్ గుండెను తెరచి శస్త్రచికిత్సలు చేయగలిగినారు. నేర్చినవారు మరికొందరికి నేర్పినారు. నేడు మన దేశంలో గుండె వైద్యం ఇంత విస్తరించినదంటే ఇటువంటి గురుపరంపరయే కారణం.

నేటి శిబిరాల అసలు ప్రయోజనం కూడా ఇక్కడనే ఉన్నది. శస్త్రవైద్యుడొక్కడు వచ్చి వెళ్లితే చాలదు. మత్తుమందు ఇచ్చే వైద్యుడు, యంత్రం నడిపేవాడు, గుండె చిత్రాన్ని ధ్వనితరంగాలతో తీసి లోపాన్ని గుర్తించే వైద్యుడు, శస్త్రచికిత్స తరువాత రాత్రింబవళ్లు మంచం పక్కన కనిపెట్టుకొని ఉండే నర్సులు—వీరంతా ఒక్క బృందంగా పనిచేయవలెను. శస్త్రచికిత్స గదిలో గడిచేది కొన్ని గంటలు. ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది ఆ తరువాతి రెండు మూడు రోజులలో. పసిబిడ్డ ఇబ్బంది నోటితో చెప్పలేదు. మూత్రం పరిమాణం తగ్గడం, పాదాలు చల్లబడడం వంటి చిన్న గుర్తులను పట్టుకొనే నర్సు చాలాసార్లు ప్రాణం నిలబెడుతుంది. అందుచేత మంచి శిబిరాలలో నర్సు పక్కన నర్సు, వైద్యుని పక్కన వైద్యుడు నిలబడి పనిచేస్తారు.

ఇటువంటి కృషి హైదరాబాదులోనే గాక విజయవాడలో కూడా జరుగుతూ వచ్చినది. 2007లో ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో పిల్లల వైద్యుడు డాక్టరు సంజీవ్ నిచానీ స్థాపించిన ‘హీలింగ్ లిటిల్ హార్ట్స్’ సంస్థ, విజయవాడలోని ఆంధ్ర హాస్పిటల్స్‌తో కలిసి అనేక శిబిరాలు నడిపినది. సహాయం ఎప్పుడూ ఒకవైపునుండే రాదని కూడా గుర్తుంచుకోవలెను. 2003లో ఢిల్లీ–లాహోరు బస్సు తిరిగి ప్రారంభమైన రోజులలో, పాకిస్తానునుండి వచ్చిన ఒక పసిపాపకు బెంగుళూరు నారాయణ హృదయాలయలో గుండె శస్త్రచికిత్స జరిగినది. నిన్న నేర్చుకున్న దేశం నేడు ఇతరులకు ఇవ్వగలిగిన స్థితికి వచ్చినదన్నమాట.

వారం రోజుల లెక్క

ఇప్పుడు మొదటి సందేహానికి వద్దాము. ఒక చిన్న లెక్క చేయండి. తెలంగాణలో సంవత్సరానికి ఉజ్జాయింపుగా 6 లక్షల మంది శిశువులు పుడుతున్నారనుకుందాము. వేయికి ఎనిమిది చొప్పున 4,800 మందికి గుండె లోపం ఉంటుంది. అందులో నాలుగవవంతు తీవ్రమైనవి అనుకుంటే 1,200 మందికి మొదటి ఏడాదిలోనే చికిత్స కావలెను. ఒక శిబిరంలో రోజుకు రెండు చొప్పున ఆరు రోజులు శస్త్రచికిత్సలు చేస్తే పన్నెండు. అనగా అవసరంలో నూటికి ఒకటి. ఈ లెక్క చూచి ‘ఇంతేనా’ అనిపించడం సహజం.

కాని ఆ పన్నెండింటిని చేసేటప్పుడు స్థానిక బృందం మెళకువలు నేర్చి, తరువాత వారానికి రెండు చొప్పున ఏడాదిలో 50 వారాలు చేయగలిగితే అది 100 అవుతుంది. అటువంటి బృందాలు పన్నెండు ఉంటే 1,200 మందికీ చికిత్స అందుతుంది. కూడికతో తీరని సమస్య గుణకారంతో తీరుతుంది. కనుక ఏ శిబిరాన్నయినా కొలవవలసినది అక్కడ ఎన్ని శస్త్రచికిత్సలు జరిగినవనే సంఖ్యతో మాత్రమే కాదు. విదేశీ బృందం తిరుగు విమానం ఎక్కిన తరువాత అక్కడివారు తమంతట తాము ఎన్ని చేయగలుగుతున్నారనే సంఖ్యతో.

ఇదే ఆలోచనతో 1999లో ప్రారంభమైన ‘స్మైల్ ట్రెయిన్’ సంస్థ, చీలిన పెదవితో పుట్టిన పిల్లలకోసం విదేశాలనుండి వైద్యులను పంపడానికి బదులు స్థానిక వైద్యులకు శిక్షణ, ధనసహాయం ఇచ్చే మార్గం ఎన్నుకొన్నది. వైద్యబృందాలు వచ్చి వెళ్లే పద్ధతిలో మరొక లోటు ఉన్నది. శస్త్రచికిత్స తరువాత నెలలు, కొందరికి సంవత్సరాలు పరీక్షలు జరుగుతూనే ఉండవలెను. అతిథి వెళ్లిపోతాడు, బిడ్డను చూడవలసినవాడు ఇక్కడి వైద్యుడే. అందుచేత ఇక్కడి బృందం చేయి కలపని శిబిరం ఎంత ఉదారమైనదైనా అసంపూర్ణమే.

హైదరాబాదు నేర్పిన పాత పాఠం

విదేశీ నిపుణుల మాటను శిరసావహించడమేనా సహకారమంటే? కాదు. దీనికి మన నగర చరిత్రలోనే ఒక నిదర్శనం ఉన్నది. క్లోరోఫారం మత్తులో కొందరు రోగులు హఠాత్తుగా మరణించడం 19వ శతాబ్దంలో పెద్ద సమస్య. హైదరాబాదులో పనిచేసిన వైద్యుడు ఎడ్వర్డ్ లారీ, ముందుగా ఆగిపోయేది ఊపిరే గాని గుండె కాదని వాదించినాడు. 1888లో ఇక్కడ మొదటి క్లోరోఫారం సంఘం ఏర్పడినది. ఆరవ నిజాం వేయి పౌనులు ఇవ్వగా, 1889లో లండనునుండి ‘లాన్సెట్’ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు హైదరాబాదుకు వచ్చి, వందలాది జంతువులపై జరిగిన రెండవ పరిశోధనలో పాల్గొన్నాడు. ఆయన ఇక్కడకు రాకముందు వేరే అభిప్రాయంలో ఉండి, ఇక్కడ చూచినదానినిబట్టి లారీతో ఏకీభవించినాడు. కాని 1911లో ఎ. జి. లెవీ చేసిన ప్రయోగాలు, తేలికపాటి మత్తులో క్లోరోఫారం గుండెనే అదుపుతప్పించి ఆపివేయగలదని చూపినవి.

ఊపిరిని జాగ్రత్తగా గమనించవలెనన్న హైదరాబాదు సలహా మంచిదే. గుండెకు ప్రమాదం లేదన్న నిర్ణయం మాత్రం నిలువలేదు. నలుగురు పెద్దలు ఏకీభవించినంత మాత్రాన నిజం నిర్ణయం కాదు. ఫలితాలను దాచక లెక్కవ్రాసి, మళ్లీ మళ్లీ పరిశీలించినప్పుడే అది తేలుతుంది. నేడు అనేక దేశాలలోని పిల్లల గుండె వైద్యశాలలు తమ మరణాల సంఖ్యను, అంటురోగాల సంఖ్యను ఒకే పద్ధతిలో వ్రాసి పోల్చుకుంటున్నవి. చేతులు కడుక్కోవడం, శస్త్రచికిత్సకు ముందు జాబితా చదువుకోవడం, నర్సు కూడా సందేహాన్ని ధైర్యంగా చెప్పగలగడం వంటి సామాన్య విషయాలే ఎక్కువ ప్రాణాలు కాపాడుతున్నవని ఈ పోలికలవల్ల తెలుస్తున్నది.

ఉపాధ్యాయులు చేయగలిగినది

ఎంత గొప్ప వైద్యుడు వచ్చినా, బిడ్డ జబ్బు సకాలంలో గుర్తించకపోతే ఉపయోగం లేదు. ఈ పనిలో ఉపాధ్యాయుని స్థానం చిన్నది కాదు. ఆటల పీరియడులో తోటివారితో పరుగెత్తలేక త్వరగా ఆయాసపడే పిల్లలు, పెదవులు, గోళ్లు నీలిరంగుగా ఉన్నవారు, వ్రేళ్ల చివరలు గుండ్రంగా ఉబ్బినవారు మీ తరగతిలో ఉంటే గమనించండి. కొందరు పిల్లలు కొంచెం నడిచి గొంతుకూర్చుంటారు. ఇది బద్ధకం కాదు. అలా కూర్చున్నప్పుడు కాళ్లలోని ధమనులు నొక్కుకొని శరీరం వైపు నిరోధం పెరుగుతుంది. అందువల్ల ఊపిరితిత్తులకు కొంచెం ఎక్కువ రక్తం చేరి బిడ్డకు ఉపశమనం కలుగుతుంది. ఏ వైద్యుడూ చెప్పకుండానే బిడ్డ శరీరం కనిపెట్టిన ఉపాయమిది. అటువంటి బిడ్డను లేవమని గద్దించవద్దు, వైద్యునివద్దకు పంపండి.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద వైద్యబృందాలు ప్రభుత్వ పాఠశాలలకు ఏడాదికి ఒకసారి, అంగన్‌వాడీలకు రెండుసార్లు వచ్చి పిల్లలను పరీక్షిస్తవి. ఆనాడు బడికి రాని పిల్లల పేర్లు కూడా బృందానికి చెప్పండి. తరచు జబ్బుపడేవారే ఆ రోజున రాకపోవచ్చును. చికిత్స ఖర్చునుగురించి భయపడే తల్లిదండ్రులకు, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో పిల్లల గుండె శస్త్రచికిత్సలు ఉన్నవనీ, తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి సహాయ పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగినదనీ తెలియజేయండి.

నివారణ మార్గాలు కూడా కొన్ని ఉన్నవి. గర్భిణికి తొలి నెలలలో రుబెల్లా జ్వరం వస్తే శిశువు కండ్లు, చెవులు, గుండె దెబ్బతినవచ్చును. రుబెల్లాకూ శిశువు అంధత్వానికీ ఉన్న ఈ సంబంధాన్ని 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటివైద్యుడు గుర్తించినాడు. 2017 ఆగస్టులో మన రెండు రాష్ట్రాల బడులలో తట్టు–రుబెల్లా టీకాలు వేసినది ఇందుకే. మన ప్రాంతంలో మేనరికాలు ఎక్కువ. మేనమామకు, మేనకోడలికి జన్యువులలో నాలుగవవంతు సమానంగా ఉంటవి. అట్టి వివాహాలలో పుట్టుకలోపాల అవకాశం కొంత పెరుగుతుంది. తల్లికి మధుమేహం ఉంటే గర్భానికి ముందునుండే అదుపులో ఉంచుకోవలెను.

అయినా ఎక్కువమంది బిడ్డలలో ఇదే కారణమని చూపగలిగినది ఏదీ ఉండదు. చీలిన పెదవిని మనవారు ‘గ్రహణం మొర్రి’ అన్నారు. గ్రహణంనాడు గర్భిణి కత్తి పట్టిందనో, బయటకు వచ్చిందనో తల్లిని నిందించినారు. సూర్యచంద్రుల నీడకు బిడ్డ పెదవితోగాని, గుండెతోగాని సంబంధం లేదు. ఆ నింద తల్లిని బిడ్డను దాచుకొనేలా చేస్తుంది. దాచుకొన్న ప్రతి నెలా బిడ్డకు నష్టమే.

పంజగుట్టలో శస్త్రచికిత్స జరిగిన బిడ్డ ఏదో ఒక ఊరిలో, ఏదో ఒక బడిలో చదువుకోవలసినవాడే. లివర్‌పూల్ వైద్యుడు, హైదరాబాదు నర్సు, అంగన్‌వాడీ కార్యకర్త, ఆటల పీరియడులో పిల్లలను గమనించే ఉపాధ్యాయుడు—వీరంతా ఒకే గొలుసులోని కొంకులు. ఏ కొంకి ఊడినా బిడ్డ చేయి జారుతుంది. వచ్చే సోమవారం హాజరు పిలిచేటప్పుడు, మీ తరగతిలో ఎవరైనా మెట్లెక్కి వచ్చి మాట రాక రొప్పుతున్నారేమో ఒక్కసారి చూడండి.